విప్పకూడని రీలు

జూన్ 3

అత్తయ్యగారికి,

మీ అల్లుడు రాస్తున్నాడు. ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని మీరు అనుకునే లోపే చెప్పేస్తాను. మాది రెండు గదుల ఇల్లు. నేను ఫోన్‌లో "అత్తయ్యగారూ" అన్నానంటే చాలు, మీ అమ్మాయి చేతిలో గిన్నె ఠంగుమంటుంది. మీరేమో చేతులకి గ్రీజు అంటూ ఎలాగూ ఫోన్ ఎత్తరు. అందుకని కళ్ళద్దాల షాపులో మధ్యాహ్నం ఎవరూ రాని వేళ చూసుకుని, కౌంటర్ మీదే కాగితం పెట్టుకుని రాస్తున్నాను.

విషయం ఏమిటంటే, నేను చేపలు పట్టడం మొదలుపెట్టాను. నవ్వకండి. సెలవు రోజున ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతోంది. మీ అమ్మాయి ఒక్క క్షణం కుదురుగా ఉండదు. సర్దిన అలమార మళ్ళీ సర్దుతుంది, తుడిచిన కిటికీ మళ్ళీ తుడుస్తుంది. ఆ గొడవ పడలేక రేవు గట్టు మీదికి పోతున్నాను. పెళ్ళయిన కొత్తలో మీ రిపేరు షాపు నుంచి గాలం దారం చుట్టే రీలు ఒకటి ఇచ్చారు కదా, అటక మీంచి దాన్ని దింపాను.

మొన్న ఒక పెద్ద చేప పడింది. అంటే, పడబోయింది. అది లాగగానే హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగి నా వేళ్ళ మీద టపటపా వాయించింది. చేప పోయింది, వేళ్ళు వాచాయి, గట్టు మీద పెద్దమనుషులందరూ కడుపు పట్టుకుని నవ్వారు. ఇందులో నా తప్పేమీ లేదండీ. ముందు రోజే మూత విప్పి లోపలంతా దట్టంగా గ్రీజు పట్టించాను. ఉప్పునీళ్ళలో వాడేది కదా, ఎంత పట్టిస్తే అంత మంచిదనుకున్నాను.

దీన్ని ఇంట్లోనే ఎలా బాగుచేసుకోవాలో కాస్త రాస్తారా? ఇంట్లో మీ అమ్మాయి ఉండగా నన్నెందుకు అడుగుతారు అంటారేమో. మీ బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చేసిన రోజు నుంచీ తను స్క్రూడ్రైవర్ ముట్టలేదు. మీ మాట ఎత్తితే గదిలోంచి వెళ్ళిపోతుంది. మీరిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే చూడాలని నాకు ఎంత ఆశగా ఉందో వేరే రాయాలా?

వేళ్ళు వాచిన
మీ అల్లుడు


జూన్ 9

అల్లుడుగారికి,

ఇక్కడ నేనూ నా బల్లా బాగానే ఉన్నాం. బాగా లేనిదల్లా మీ చేతిలో పడ్డ ఆ రీలు.

నాయనా, గ్రీజు పట్టించడమంటే గోడకి సున్నం కొట్టడం అనుకున్నారా? రీలు లోపల ఒక వైపే తిరిగే బేరింగు ఒకటుంటుంది. దాని నిండా సన్నటి రోలర్లు ఉంటాయి. హ్యాండిల్ వెనక్కి తిరగకుండా పట్టి ఆపేది అదే. దాంట్లోకి గ్రీజు వెళ్ళిందంటే రోలర్లు జారి పట్టు వదిలేస్తాయి. మీ వేళ్ళు వాయించింది చేప కాదు, మీ గ్రీజే. ఆ బేరింగుని బయటికి తీసి కిరోసిన్‌లో కడగండి, పూర్తిగా ఆరనివ్వండి, పల్చటి నూనె ఒక్క చుక్క వెయ్యండి. రెండో చుక్క వెయ్యాలనిపిస్తే లేచి బయట ఒక చుట్టు తిరిగి రండి.

విప్పారు కాబట్టి మిగతాదంతా కూడా శుభ్రం చెయ్యండి. దారం జారే చిన్న రోలరు చూడండి, ఉప్పు ముందు తినేది దాన్నే. దారం చుట్టుకునే స్పూలు లోపల డ్రాగ్ వాషర్లుంటాయి, చేప లాగినప్పుడు దారాన్ని మెల్లగా వదిలేవి. మెత్తటిదీ లోహపుదీ మారి మారి వస్తాయి. వాటి వరస తప్పితే పనే చెయ్యవు. కాబట్టి ఒక తెల్లగుడ్డ పరిచి, ఏది ముందు బయటికి వస్తే అది ఎడమ చివర పెట్టి, అక్కడి నుంచి కుడికి పేర్చుకుంటూ రండి. తిరిగి బిగించేటప్పుడు కుడి చివర నుంచి ఎత్తండి. ఇది గుర్తుంటే చాలు, మీకేమీ తెలియకపోయినా పరవాలేదు.

సముద్రం నుంచి వచ్చాక డ్రాగ్ గట్టిగా బిగించి, మంచినీళ్ళు పైపైన చిలకరించి, తుడిచి, నీడలో ఆరబెట్టాలి. ఆ తర్వాత డ్రాగ్ వదులు చెయ్యాలి. పైపు పెట్టి జోరుగా కొట్టారో, ఉప్పుని మీ చేత్తో మీరే లోపలికి తోసినవారవుతారు.

ఇక మీరు రాసిన రెండో సంగతి. అమ్మాయి "లేచి వచ్చేసింది" అని రాశారు. ఏం జరిగిందో మీకు ఒక వైపే తెలుసు. రోజూ పర్యాటకుల్ని వేటకి తీసుకెళ్ళే పడవ కెప్టెన్ వచ్చి నిలబడ్డాడు. అమ్మాయి ఒక రీలు పూర్తి చేసి ఇచ్చింది. నేను హ్యాండిల్ ఒక చుట్టు తిప్పాను. గరగర తగిలింది. చెవికి కాదు, వేళ్ళకి. విప్పాను. కెప్టెన్ నవ్వాడు. అమ్మాయి లేచి, నడుముకి కట్టుకున్న గుడ్డ బల్ల మీద పడేసి వెళ్ళిపోయింది. లోపల ఏం దొరికిందని ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది, నాకు తెలుసు. దొరక్కపోతే ఏం? నా వేళ్ళు అబద్ధం చెప్పవు. సముద్రం మీదికి పోయే సరుకుని ఒకటికి రెండుసార్లు చూసుకుంటే తప్పా?

అమ్మాయి ఒంట్లో బాగుందా? అడిగానని చెప్పకండి.

అత్తయ్య


జూన్ 17

అత్తయ్యగారికి,

హ్యాండిల్ బాగైపోయింది! వెనక్కి అంగుళం కూడా కదలడం లేదు. గట్టు మీద పెద్దమనుషులు ఒక్కొక్కరూ పట్టుకుని తిప్పి చూశారు. నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి "మెకానిక్కు" అంటున్నారు. నేను మురిసిపోయి కాదనలేకపోయాను.

మీ ఉత్తరం షాపు సంచిలో అడుగున దాచాను. ఆ సంచిని కూడా మీ అమ్మాయి సర్దేసింది. ఉత్తరం మడతలు మారి ఉన్నాయి. చదివిందేమో అడిగే ధైర్యం నాకు లేదు. ఆ సాయంత్రం మాత్రం అలమార సర్దలేదు, కిటికీ తుడవలేదు.

బస్సు డిపోలో టికెట్ కౌంటర్ పని తనకి అస్సలు పడటం లేదు. రోజంతా కదలకుండా కూర్చోవాలి. ఇంటికొచ్చి గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి పచార్లు చేస్తుంది. మానెయ్యమంటే, మానేసి ఏం చెయ్యాలి, నాకు వచ్చిన ఒక్క పనీ నాకు రాదని తేల్చేశారుగా అంటుంది. ఎవరు తేల్చారో మళ్ళీ నేను అడగను.

ఇప్పుడొక కొత్త తంటా. హ్యాండిల్ బాగైంది గానీ డ్రాగ్ కుదుపులుగా వదులుతోంది. చేప లాగితే దారం జర్రున పోయి ఆగి, మళ్ళీ జర్రున పోతోంది. మీరు చెప్పినట్టే గుడ్డ పరిచి, పేర్చి, కుడి చివర నుంచే ఎత్తి బిగించడం జరిగింది. రీలుని పార్సిల్ చేస్తున్నాను. ఒకసారి చూసి పంపండి.

ఇంకో మాట. మీ అక్షరాలు ఈసారి బాగా వంకరపోయాయి. బస్సులో కూర్చుని రాశారా?

మెకానిక్కు అనిపించుకున్న
మీ అల్లుడు


జూన్ 26

మెకానిక్కు గారికి,

ఆ బిరుదు ఇచ్చినవాళ్ళకో దణ్ణం.

పార్సిల్ అందింది. విప్పాను. విప్పి, కుర్చీలో వెనక్కి వాలిపోయాను. డ్రాగ్ వాషర్లు మొత్తం తలకిందులు! అడుగున ఉండాల్సింది పైన, పైన ఉండాల్సింది అడుగున. వరసలో ఒకటి తప్పిందంటే పోనీలే అనుకోవచ్చు. మొదటి నుంచి చివరిదాకా ఇంత పద్ధతిగా, ఇంత శ్రద్ధగా తప్పు చేసిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. అవి చేతులా, రోకళ్ళా? ఎడమకీ కుడికీ తేడా తెలియని దద్దమ్మలు రీలు జోలికి పోకూడదు. కళ్ళద్దాల షాపులోనే ఉన్నారు కదా, ఒక జత పెట్టుకుని చూడండి.

కడగడం బాగా కడిగారు, అది ఒప్పుకుంటాను. రోలరు బేరింగులో ఒక్క ఉప్పు పలుకు లేదు. కానీ ఏం లాభం?

అక్షరాలు వంకరగా ఉన్నాయట! గ్రీజు చేతులతో రాస్తే ముత్యాల్లా వస్తాయా? ఈ మధ్య రీళ్ళు చేసేవాళ్ళు కూడా నాసిరకం సరుకు వాడుతున్నారు. వాషర్లని పట్టి ఉంచే సన్నటి క్లిప్పులు చేతిలో నిలవడం లేదు, ఎగిరి ఎక్కడో పడుతున్నాయి. సగం రోజు వాటిని వెతకడానికే సరిపోతోంది.

చిరాగ్గా ఉన్న
అత్తయ్య


జూన్ 27

అల్లుడుగారూ,

నిన్నటి ఉత్తరం చదవకండి. చదివేస్తే చింపెయ్యండి. ముఖ్యంగా ఇంట్లో కనిపించనివ్వకండి.

ఈ పొద్దున మీ రీలు బిగించబోతుంటే క్లిప్పు ఎగిరి బల్లకి అవతలి పక్క పడింది. వెతకడానికి అటు వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, క్లిప్పు తీసుకుని లేచాను. లేచేసరికి గుడ్డ మీద వాషర్ల వరస ఎదురుగా కనిపించింది. అటు వైపు నుంచి చూస్తే ఒక్కటి కూడా తప్పు లేదు.

నా గుండె ఝల్లుమంది. బల్లకి అవతలి పక్క కూర్చుని పని నేర్చుకున్న మనిషి ఒక్కతే. చిన్నప్పటి నుంచి నా ఎదురుగానే కూర్చునేది. నేను ఎడమ నుంచి పేరిస్తే దానికి కుడి నుంచి కనపడేది, అదే చేతికి అలవాటైంది. దాని పద్ధతిలో పేర్చి దాని పద్ధతిలో ఎత్తితే ఎప్పుడూ తప్పు రాలేదు. ఇప్పుడు పేర్చడం తన అలవాటున కుడి నుంచి పేర్చింది, ఎత్తడం నా ఉత్తరం చూసి కుడి నుంచే ఎత్తింది. తిరగబడక ఏమవుతుంది?

"బిగించడం జరిగింది" అని రాశారు మీరు. ఎవరు బిగించారో రాయలేదు. అప్పుడే నాకు తట్టి ఉండాల్సింది. మీకు ఆ రోలరు బేరింగు అంత శుభ్రంగా కడగడం ఎక్కడ వచ్చు?

దద్దమ్మ అన్నది మిమ్మల్ని. మిమ్మల్నే. నిన్నటి ఉత్తరం దాని కంట పడకూడదు నాయనా, మీకు పుణ్యముంటుంది. రీలు సరిచేసి పంపిస్తున్నాను.

అత్తయ్య


జూలై 4

అత్తయ్యగారికి,

ఆలస్యమైపోయింది. నేను షాపు నుంచి వచ్చేసరికి మీరు చదవద్దన్న ఉత్తరం విప్పి బల్ల మీద ఉంది, పక్కనే తను నిలబడి ఉంది. "రోకళ్ళట" అంది. అంతే.

ఇక దాచేదేముంది, చెప్తాను. కిరోసిన్‌లో కడగమని మీరు రాసిన మొదటి ఉత్తరం చదివిన రోజున తనే రీలు తీసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. నన్ను దగ్గరికి రానివ్వలేదు. రీలు విప్పినంతసేపూ తను కదల్లేదు, పచార్లు చెయ్యలేదు, ఎవరినీ కసరలేదు. పెళ్ళయ్యాక అలా కుదురుగా ఉండటం నేను చూడటం అదే మొదటిసారి. మధ్యలో ఏదో కూనిరాగం కూడా తీసింది. నేను ఊపిరి బిగబట్టుకుని పక్కగదిలో కూర్చున్నాను. "అమ్మకి చెప్పావంటే చూడు" అంది. అందుకే అలా వంకరటింకరగా రాశాను.

మీ ఇరవయ్యేడో తేదీ ఉత్తరం వచ్చిందని సంబరపడి తనకి చూపించాను. అదింకా కొంప ముంచింది. "చూశావా, ఇన్నేళ్ళయినా ఇంకా తిరగేసే పెడుతోందని వెక్కిరిస్తోంది" అంది. కాదు, మీ అమ్మ గుండె ఝల్లుమందని రాసింది చూడు అంటే, "నా తప్పు కనిపెట్టగానే ఆవిడకి ఎప్పుడూ అలాగే ఉంటుంది" అంది. పనిముట్లు గుడ్డలో చుట్టి అటకెక్కించింది. కిటికీ మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

తనేమో నేను మీకు ఉప్పందించానంటుంది. మీరేమో ఎవరు బిగించారో రాయలేదంటారు. మధ్యలో నా ప్రాణం పోతోంది. అత్తయ్యగారూ, మీరే ఏదో ఒకటి చెయ్యాలి. నా వల్ల కాదు.

మీ అల్లుడు


జూలై 10

అల్లుడుగారికి,

మీ ఉత్తరం వచ్చినప్పటి నుంచీ నాకు కూర్చుంటే నిలబడాలనీ, నిలబడితే కూర్చోవాలనీ ఉంది. షాపు తలుపు తీయడం, వీధి చివరిదాకా వెళ్ళడం, ఏదో మర్చిపోయినట్టు తిరిగి రావడం. పాల మనిషి కూడా అడిగాడు, ఏమిటమ్మా కాలు నిలవడం లేదని.

వెక్కిరించానట! అటు పక్క కూర్చుని ఆ వరస చూసినప్పుడు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రాయలేదు, అంతే. అలాంటివి రాయడం నాకు చేతకాదు. ఏది తప్పు, ఏది సరి, అది రాయమంటే పేజీలు రాస్తాను.

మీరు ఏదో ఒకటి చెయ్యమన్నారు. ఇదిగో చేస్తున్నాను. ఈ ఉత్తరంతో పాటు ఒక పార్సిల్ వస్తుంది. అందులో కెప్టెన్ రీలు ఉంది, అన్నిటిలోకీ పెద్దది. మీ చేతికి అందుతుంది గానీ అది మీకు కాదు. ఎవరికో మీకు తెలుసు. వచ్చే నెల మధ్యలో కెప్టెన్ పెద్ద వేటకి బయలుదేరుతున్నాడు. ఆలోగా కావాలి.

దయతో పంపిస్తున్నాననుకోవద్దని చెప్పండి. నాకు పని తెమలడం లేదు. ఈ మధ్య ప్రతి రీలూ రెండుసార్లు విప్పాల్సి వస్తోంది. ఎవరి రీలు పట్టుకున్నా గరగరే. కడిగి, కొత్త బేరింగు వేసి, బిగించి తిప్పితే మళ్ళీ గరగర. ఇదివరకు ఇలా ఉండేది కాదు. సముద్రమే మారిపోయిందేమో, ఉప్పు ఎక్కువైందేమో. ఇంకో జత చేతులు లేకపోతే నేను ఈ పని లాగలేను. ఈ మాట దానికి చెప్పండి. నేను చెప్పినట్టే చెప్పండి.

కాలు నిలవని
అత్తయ్య


జూలై 19

అత్తయ్యగారికి,

చేసింది! డిపోకి సెలవు పెట్టి మరీ చేసింది.

ముందు రెండు రోజులు ఆ పార్సిల్ వైపు చూడనైనా చూడలేదు. గుమ్మం పక్కన పెట్టి, దాటుకుంటూ తిరిగింది. మీరు "ఇంకో జత చేతులు లేకపోతే లాగలేను" అన్నారని చెప్పాను. "అమ్మ అలా అనదు" అంది. ఉత్తరం చేతికిచ్చాను. ఆ ముక్క దగ్గర ఆగింది, మళ్ళీ పైనుంచి చదివింది. లేచి అటకెక్కి పనిముట్లు దింపింది.

ఇక ఆ పని చూడాలండీ! పెద్ద పళ్ళచక్రం కింద పెట్టే పల్చటి వాషర్లున్నాయే, కాగితం కన్నా సన్నంగా ఉండేవి, వాటిని మార్చి మార్చి పెట్టి, ప్రతిసారీ కళ్ళు మూసుకుని హ్యాండిల్ తిప్పి చూసింది. నన్ను కూడా తిప్పమంది. నాకు మొదటిసారే నున్నగా తిరిగినట్టనిపించింది. "నీకేం తెలుసు" అని మళ్ళీ విప్పింది. చివరికి తనంతట తనే నవ్వుకుని, బిగించి, పక్కన పెట్టింది. ఆ నవ్వు చూసి నేను టీ పెట్టడం మర్చిపోయి గిన్నె మాడబెట్టాను. దానికి కూడా కసరలేదు.

రీలు పంపిస్తున్నాం. కానీ ఒక షరతు ఉంది. తన మాటల్లోనే రాస్తున్నాను, మార్చి రాస్తే ఊరుకోనంది: "అమ్మ దీన్ని విప్పకూడదు. వచ్చింది వచ్చినట్టు కెప్టెన్ చేతిలో పెట్టాలి. విప్పిందని తెలిస్తే ఇక జన్మలో ఆ గుమ్మం తొక్కను. విప్పకపోతే, వస్తాను. వచ్చి ఆ బల్ల దగ్గర పని చేస్తాను."

చదివారా? వస్తానంది. మీరు చెయ్యాల్సిందల్లా ఏమీ చెయ్యకుండా ఉండటమే. మీ కాళ్ళు పట్టుకుంటాను, విప్పకండి.

మీ అల్లుడు


జూలై 26

అల్లుడుగారికి,

రీలు వచ్చింది.

నేను దాన్ని విప్పలేదు. ముందు ఆ మాట రాసి ఆ తర్వాత మిగతాది రాస్తున్నాను. విప్పలేదు, నా ప్రాణం మీద ఒట్టు.

కానీ హ్యాండిల్ తిప్పాను. తిప్పకూడదని అనలేదు కదా. ఒక్క చుట్టు. గరగర ఉంది.

రీలుని అలమారలో పెట్టి తాళం వేశాను. తాళం చెవి వంటింట్లో పెట్టాను. మళ్ళీ వెళ్ళి తెచ్చుకున్నాను. మళ్ళీ తిప్పాను. గరగరే. స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకున్నాను. మూత మీద స్క్రూలో దాని మొన కూడా ఆనించాను. ఇంతలో కెప్టెన్ తలుపు తీసుకుని వచ్చి "అయిందామ్మా?" అన్నాడు. దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు స్క్రూడ్రైవర్ కొంగులో దాచుకున్నాను. ఇంకా రాలేదని చెప్పాను. ఈ వయసులో ఆ అబద్ధం ఆడాను, మీకు తెలియాలని రాస్తున్నాను.

అల్లుడుగారూ, నేనేం చెయ్యను? అది అడిగింది ఒక్కటే, విప్పొద్దని. వేసిన ఒట్టు విప్పనివ్వదు. గరగరమనే రీలుని కెప్టెన్ చేతిలో ఎలా పెట్టను? నడి సముద్రంలో పెద్ద చేప పడ్డప్పుడు గేరు పన్ను విరిగితే ఆయన అనేది నన్ను కాదు, దాన్ని. బాగుందని అబద్ధం చెప్పి ఇచ్చేస్తే అది వస్తుంది. రావాలని నాకు లేదా? దాని కుర్చీ మీద ఇప్పటికీ ఏ సామానూ పెట్టను. కానీ అబద్ధం మీద దాన్ని పిలుచుకుని, రోజూ దాని మొహం ఎలా చూడను?

అందుకని రీలుని మూసింది మూసినట్టే తిరిగి పంపిస్తున్నాను. దాన్నే విప్పి చూసుకోమనండి. ఇది చదివి ఏమంటుందో నాకు తెలుసు. మళ్ళీ అదే పాట అంటుంది. అననివ్వండి. నా వేళ్ళకి తగిలింది నాకు తగల్లేదని ఎలా చెప్పను?

రెండు రోజులుగా తిండి సయించడం లేదు. మీరు ఆ ఇంట్లో ఎలా గడుపుతారో తలుచుకుంటే మీ మీద జాలి వేస్తోంది.

అత్తయ్య


ఆగస్టు 4

అత్తయ్యగారూ,

ఈసారి కవరు మీద రాత మాత్రమే నాది. లోపలి కాగితం చూడండి. నేను చదవలేదు. చదవనివ్వలేదు.

మీ అల్లుడు


అమ్మా,

నీ ఉత్తరం చదవగానే రీలు తీసి గోడకేసి కొడదామనుకున్నాను. ఆయన అడ్డుపడ్డారు. అప్పుడు ఆయన్నే కొడదామనుకున్నాను. పాపం సంచి పట్టుకుని బజారుకి వెళ్ళిపోయారు.

విప్పాను. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అయినా మళ్ళీ కడిగాను, మళ్ళీ పేర్చాను. నీ పద్ధతిలో ఎడమ నుంచి పేర్చి చూశాను, నా పద్ధతిలో కూడా చూశాను. తిప్పాను. ఏమీ లేదు. నీకున్న వేళ్ళు నాకు లేవు కాబోలు, అందుకే తెలియడం లేదనుకుని ఏడుపొచ్చింది. రీలుని సంచిలో వేసుకుని డిపోకి తీసుకెళ్ళాను. ఇంజన్లు చూసే మెకానిక్కుకి ఇచ్చాను. డ్రైవర్లకి ఇచ్చాను. అక్కడి నుంచి గట్టు మీదికి వెళ్ళి, ఆయన్ని చూసి నవ్విన పెద్దమనుషులందరికీ ఇచ్చాను. గరగర ఉందా అని అడిగాను. ఒక పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, ఎవరమ్మా నీకు ఆ మాట చెప్పింది, వెన్నలా తిరుగుతుంటే అన్నాడు.

మా అమ్మ చెప్పింది అనబోయి ఆగిపోయాను.

ఇంటికి నడిచి వచ్చాను. బస్సు ఎక్కాలని తోచలేదు. నీ ఉత్తరాలన్నీ తీసి, కింద పరిచి, వరసగా చదివాను. నువ్వు వేరే సంగతులు రాస్తూ మధ్యలో రాసిన ముక్కలు చదివాను. క్లిప్పులు చేతిలో నిలవడం లేదన్నావు. ప్రతి రీలూ రెండుసార్లు విప్పుతున్నానన్నావు. కొత్త బేరింగు వేసినా గరగరే అన్నావు. కొత్త బేరింగు గరగరమనడం ఏమిటమ్మా? జూన్‌లో రాసిన అక్షరాలూ మొన్న రాసిన అక్షరాలూ పక్కపక్కన పెట్టి చూశాను. ఆయన బస్సులో రాశారా అని హాస్యమాడితే గ్రీజు అని కొట్టిపారేశావు.

సముద్రం మారలేదమ్మా. ఉప్పు ఎక్కువ కాలేదు.

ఆ రోజు కెప్టెన్ ముందు నువ్వు విప్పిన రీలు లోపల ఏం దొరికిందని నేను ఇన్నాళ్ళూ అడుగుతూనే ఉన్నాను. ఏమీ దొరకలేదు. అంతకుముందు వారం విప్పినదాంట్లోనూ దొరకలేదు. దొరక్కపోయినా ఉందన్నావు. నీ వేళ్ళు అబద్ధం చెప్పవు అన్నావు, నేను కూడా నమ్మాను. అదే నాకు ఒళ్ళు మండిపోయేలా చేస్తోంది. నీ మీద కోపంతో వచ్చేశానని అందరూ అనుకున్నారు. నిజం ఏమిటంటే నువ్వు చెప్పింది నిజమేనని నమ్మి వచ్చేశాను. నాకు పని రాదని నమ్మాను. నమ్మి, ఆ కౌంటర్ వెనక కూర్చుని టికెట్లు చింపుతున్నాను. అప్పుడు కూడా ఇదేనా అమ్మా? అప్పటికే మొదలైందా?

దాచావని అనను. నీకు తెలియదు. తెలిసుంటే ఆ రోజు నన్ను గుమ్మం దాటనిచ్చేదానివి కాదు.

డిపోకి రాజీనామా ఇచ్చాను. ఈ ఉత్తరం వెనకాలే బయలుదేరుతున్నాను. కెప్టెన్ రీలు నేనే తెస్తాను, నేనే ఆయన చేతిలో పెడతాను. ఆ తర్వాత నిన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను, పని ఉంది అది ఇది అంటే వినను. నా కోపం తగ్గిందనుకోకు. వచ్చాక చాలా పోట్లాడాలి.

అంతకన్నా ముందు ఇప్పుడే ఒక పని చెయ్యి. ఎదురుగా ఏ రీలుంటే అది పక్కన పెట్టు. స్క్రూడ్రైవర్ కూడా పక్కన పెట్టు. హ్యాండిల్ తిప్పే చెయ్యి ముందుకి చాపి, రెండో చేత్తో దాని మణికట్టు మెత్తగా పట్టుకో. పట్టుకున్నావా? ఇప్పుడు ఆ చెయ్యిని గాల్లోనే, ఏమీ పట్టుకోకుండా, రీలు తిప్పినట్టు మెల్లగా తిప్పు.

గరగర తగిలిందా అమ్మా?

నీ కూతురు